ఒప్పందం, పార్టీ, ప్రాంతం: శ్రీబాగ్ నుంచి జై ఆంధ్ర వరకు రాజకీయ రచనలపై విమర్శ

వ్యాససంగ్రహం:

ఆంధ్ర రాష్ట్రావతరణకు ముందూ తరువాతా సాగిన పార్టీ రాజకీయాలకూ ప్రాంతీయ వైరుధ్యాలకూ గల సంబంధాన్ని వివరించిన రచనల్లో రెండు ధోరణులు ప్రబలంగా కనిపిస్తాయి. ఒకటి పార్టీని కులానికి ముసుగుగా చదువుతుంది. రెండవది ప్రాంతీయ అసంతృప్తిని నాయకుల మాట తప్పిన ఫలితంగా చదువుతుంది. సెలిగ్ హారిసన్ 1956 నాటి వ్యాసం, ‘నా జీవితయాత్ర’ నాలుగవ సంపుటం, పుచ్చలపల్లి సుందరయ్య ‘విశాలాంధ్రలో ప్రజారాజ్యం’ ఆధారంగా ఈ ధోరణుల బలాబలాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. తొలినాటి అమెరికా గణతంత్రంలోని పార్టీ–ప్రాంత సంఘర్షణను పోలికగా తీసుకుంటుంది. శాసనసభలో బలమైన పార్టీ పోటీ లేనప్పుడు ప్రాంతమే అసమ్మతికి మిగిలే భాష అవుతుందన్నది ఈ వ్యాసం ప్రతిపాదన.

కీలకపదాలు: శ్రీబాగ్ ఒడంబడిక, పెద్దమనుషుల ఒప్పందం, ఆంధ్ర రాష్ట్రం, జై ఆంధ్ర, కమ్యూనిస్టు పార్టీ, కాంగ్రెసు, ప్రాంతీయవాదం, విజయవాడ.

1. ఉపోద్ఘాతం

విజయవాడ గవర్నర్‌పేటను ఒరుసుకొని సాగే రెండు పెద్ద దారుల్లో ఒకదానికి కాగితాల మీద కార్ల్ మార్క్స్ పేరు, మరొకదానికి మహాత్మా గాంధీ పేరు ఉన్నాయి. ఆ రెండింటినీ కలిపే అంగళ్ల వీధి అనీ బీసెంటు పేరిట వెలసింది. హోంరూలు, కాంగ్రెసు, కమ్యూనిజం అనే మూడు రాజకీయ ధారలు ఒకే పేటలో వీధి పేర్లుగా మిగిలాయి. ఊరివాళ్ల నోట మాత్రం మొదటి రెండూ నేటికీ ఏలూరు రోడ్డు, బందరు రోడ్డు. దారి ఎవరి సిద్ధాంతాన్ని గుర్తు చేస్తుందన్న దానికంటే ఏ ఊరికి పోతుందన్నదే వాడుకలో నిలిచింది. పార్టీ పేరు అధికారికమై, ప్రాంతం పేరు వ్యావహారికం కావడం ఆంధ్ర రాజకీయ చరిత్రలోనూ జరిగింది. ఆ రెండు పేర్ల మధ్య సంబంధాన్ని చరిత్రకారులు, స్వీయచరిత్రకారులు ఎలా రాశారన్నదే ఇక్కడి విచారణ.

ఈ విచారణకు విజయవాడ తగిన కేంద్రం. శ్రీబాగ్ ఒడంబడికకు దారితీసిన చర్చ 1937 అక్టోబరులో ఈ నగరంలో జరిగిన ఆంధ్ర మహాసభ రజతోత్సవంలోనే మొదలైంది. కమ్యూనిస్టుల ‘ప్రజాశక్తి’, 1952 నుంచి ‘విశాలాంధ్ర’ ఇక్కడినుంచే వెలువడ్డాయి. 1953లో రాజధాని కోసం పోటీపడి ఓడిన నగరం ఇది. 1972లో జై ఆంధ్ర ఉద్యమానికి ప్రధాన కేంద్రాల్లో ఒకటి కూడా ఇదే. విశాలాంధ్ర మహాసభకు సారథ్యం వహించిన అయ్యదేవర కాళేశ్వరరావు ఈ నగరవాసి. ఫ్రెంచి విప్లవం, చీనా జాతీయోద్యమం వంటి పరదేశ చరిత్రలను తెలుగులో రాసి, 1956లో ఆంధ్రప్రదేశ్ శాసనసభకు తొలి సభాపతి అయిన వ్యక్తి ఆయన. కాబట్టి పరదేశ చరిత్రతో స్వదేశ రాజకీయాన్ని తూచి చూడడం ఈ నగరానికి కొత్త అలవాటు కాదు.

2. పోలికకు హద్దులు

1790 వేసవిలో అమెరికా కాంగ్రెసును రెండు వివాదాలు స్తంభింపజేశాయి. రాష్ట్రాల యుద్ధ రుణాలను కేంద్రం నెత్తిన వేసుకోవాలన్న అలెగ్జాండర్ హామిల్టన్ ప్రతిపాదన ఒకటి. తన రుణాన్ని చాలావరకు తీర్చుకున్న వర్జీనియా దానిని వ్యతిరేకించింది. శాశ్వత రాజధాని ఎక్కడ అన్నది రెండవది. జెఫర్సన్ ఇంటి విందులో హామిల్టన్, మాడిసన్ ఒక అవగాహనకు వచ్చారనీ, రుణాల ప్రతిపాదనకు దక్షిణాది అడ్డు తొలగితే రాజధాని పొటోమాక్ నది ఒడ్డుకు పోతుందన్నదే ఆ అవగాహన అనీ ప్రసిద్ధి. జూలైలో రాజధాని చట్టం, ఆగస్టులో రుణాల చట్టం వచ్చాయి. ఆ విందు సంగతి ప్రధానంగా జెఫర్సన్ తరువాత రాసుకున్న మాటల వల్లే తెలుస్తుంది. దాని ప్రాధాన్యం ఎంత అన్న విషయంలో అమెరికా చరిత్రకారులు నేటికీ ఏకీభవించరు. ఒకరి జ్ఞాపకం మీద ఒక జాతి రాజీ కథ నిలబడడం తెలుగు పాఠకుడికి వింతగా తోచదు.

శ్రీబాగ్‌తో పోలిక ఇక్కడే పుడుతుంది. 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గృహం శ్రీబాగ్‌లో కోస్తా, రాయలసీమ నాయకులు ఒక అంగీకారానికి వచ్చారు. అనంతపురంలో విశ్వవిద్యాలయ కేంద్రం, తుంగభద్ర, కృష్ణ, పెన్న జలాల వినియోగంలో పదేళ్లపాటు రాయలసీమ, నెల్లూరులకు ప్రాధాన్యం, శాసనసభలో జిల్లాల సమాన ప్రాతిపదికపై స్థానాలు, రాజధాని, హైకోర్టులలో ఒకదానిని కోరుకునే హక్కు రాయలసీమకు అన్నవి అందులో ముఖ్యాంశాలు. జిల్లాల సమానత్వం అన్న మాట వినగానే అమెరికా సెనేటు గుర్తుకు రావడం సహజం. జనాభా ఎక్కువ, సాగునీరు ఎక్కువ, చదువు ఎక్కువ ఉన్న ప్రాంతంతో కలిసి బతకవలసిన చిన్న భాగస్వామి కోరేది ఎక్కడైనా ఇదే.

అయితే ఈ పోలికను ఒక హద్దు దాటనివ్వరాదు. అమెరికా ఉత్తర–దక్షిణ సంఘర్షణ కేంద్రంలో బానిసత్వం ఉంది. మనుషులను ఆస్తిగా లెక్కించిన వ్యవస్థతో నీళ్లు, ఉద్యోగాలు, రాజధానుల వివాదాలను నైతికంగా ఒకే తక్కెడలో పెట్టడం తప్పు. పోల్చదగినది రాజకీయ యంత్రాంగం మాత్రమే: పార్టీ అన్నది ప్రాంతాన్ని ఎలా మోస్తుంది, ఎప్పుడు మోయలేక దించేస్తుంది అన్న ప్రశ్న. మార్టిన్ వాన్ బ్యూరెన్ 1827 జనవరిలో వర్జీనియా సంపాదకుడు థామస్ రిచీకి రాసిన లేఖలో ఈ ప్రశ్నకు ఒక జవాబు చెప్పారు. ఉత్తరాది సామాన్య రిపబ్లికన్లనూ దక్షిణాది తోటదారులనూ ఒకే పార్టీలో చేర్చితే పార్టీ అనురాగం ప్రాంత ద్వేషాన్ని అణచి ఉంచుతుందని ఆయన వాదం. ఆ సూత్రం మీద కట్టిన పార్టీల పోటీ ఒక తరం పాటు సమాఖ్యను నిలిపింది. అదే కాలంలో 1836 నుంచి 1844 వరకు బానిసత్వ వ్యతిరేక వినతులను ప్రతినిధుల సభ చర్చకు రానివ్వని నిబంధన కూడా నడిచింది. 1854లో కాన్సాస్–నెబ్రాస్కా చట్టంతో విగ్ పార్టీ చీలి కూలిపోయింది. వాన్ బ్యూరెన్ సూత్రానికి ఉన్న రెండు ముఖాలూ, అంటే శాంతీ మౌనమూ, తెలుగు నేలకు వర్తిస్తాయా అన్నది చూడవలసి ఉంది.

3. హారిసన్ చదువు

అమెరికా పాత్రికేయుడు సెలిగ్ హారిసన్ 1956లో ఆ దేశపు రాజనీతిశాస్త్ర పత్రికలో ఆంధ్ర కమ్యూనిస్టులకూ కులానికీ గల సంబంధంపై ఒక వ్యాసం ప్రచురించారు. ఆంధ్ర రాజకీయాలపై ఆ తరువాత రాసినవారు దానిని సమర్థించడమో ఖండించడమో చేయక తప్పలేదు. డెల్టా కమ్యూనిస్టు నాయకత్వం ప్రధానంగా కమ్మ రైతు కుటుంబాల నుంచి వచ్చిందనీ, కాంగ్రెసు నాయకత్వంపై రెడ్ల పట్టు పెరిగిందనీ, ఈ పోటీయే పార్టీ పోటీగా రూపుకట్టిందనీ ఆయన వాదన. కృష్ణా, గుంటూరు జిల్లాల పల్లెల్లో పార్టీ ఎలా వేళ్లూనిందో చెప్పిన తొలి పరిశీలనల్లో ఇది ఒకటి. సిద్ధాంతాల పేర్లకే పరిమితమైన వ్యాఖ్యానాలకు ఇది మంచి విరుగుడు అయింది. ఆ ఘనతను తగ్గించవలసిన పని లేదు.

చిక్కు 1955 ఎన్నికల దగ్గర వస్తుంది. 1952లో మద్రాసు శాసనసభకు ఆంధ్ర జిల్లాల నుంచి ఎన్నికైన 140 స్థానాల్లో కమ్యూనిస్టులకు 41, కాంగ్రెసుకు 40 దక్కాయి. 1955 ఫిబ్రవరిలో 196 స్థానాల ఆంధ్ర శాసనసభలో కమ్యూనిస్టులు 15కు పడిపోయారు. ఈ పతనానికి హారిసన్ చెప్పే కారణాల్లో ముఖ్యమైనది కాంగ్రెసు కమ్మ అభ్యర్థులకు ఎదురుగా కమ్మ అభ్యర్థులను నిలపడం. అంటే 1952 గెలుపుకూ కులమే కారణం, 1955 ఓటమికీ కులమే కారణం. ఏ ఫలితం వచ్చినా సరిపోయే వివరణ ఏ ఫలితాన్నీ ప్రత్యేకంగా వివరించదు.

ఓట్ల లెక్క మరో కథ చెబుతుంది. 1952లో సుమారు 22 శాతంగా ఉన్న కమ్యూనిస్టుల ఓటు 1955లో 31 శాతానికి పెరిగింది. ఓటు పెరిగి సీట్లు మూడవ వంతుకు తగ్గడానికి కారణం అవతలి పక్షం పొందిక. 1952లో కాంగ్రెసు, ప్రకాశం నాయకత్వంలోని ప్రజాపార్టీ, ఎన్.జి. రంగా కృషికార్ లోక్ పార్టీ వేర్వేరుగా పోటీచేసి కమ్యూనిస్టేతర ఓటును చీల్చుకున్నాయి. 1955లో అవి ఐక్య కాంగ్రెసు కూటమిగా నిలిచి 146 స్థానాలు గెలిచాయి. కులం ఇందులో పనిచేయలేదని కాదు. రంగాను కూటమిలోకి తేవడంలో కులపు లెక్క ఉందన్న హారిసన్ మాట నిజమే కావచ్చు. కానీ ఒకరికి ఒకరు పోటీ అయినచోట 31 శాతం ఓటుకు 15 స్థానాలు రావడం ఎన్నికల పద్ధతి ఫలితం, కుల మనస్తత్వ ఫలితం కాదు.

హారిసన్ వ్యాసంలో మరో లోటు ప్రాంతం. ఆయన చూపు డెల్టాను కేంద్రంగా పెట్టుకుంది. రాయలసీమ అందులో ప్రధానంగా రెడ్డి నాయకత్వపు నివాసంగానే కనిపిస్తుంది. శ్రీబాగ్ నీటి షరతు ఎందుకు పుట్టింది, కృష్ణ ఆనకట్ట 1855 నాటికే డెల్టాకు ఇచ్చిన భరోసా కరువు సీమ రైతుకు ఎలా కనిపించింది అన్న ప్రశ్నలు కుల చట్రంలో ఇమడవు.

4. నాలుగవ సంపుటం, ఒక పుస్తిక

టంగుటూరి ప్రకాశం ‘నా జీవితయాత్ర’ మూడు సంపుటాలు ఆయన సొంత రచన. ఆంధ్ర రాష్ట్ర కాలాన్ని చెప్పే నాలుగవ సంపుటాన్ని తెన్నేటి విశ్వనాథం పూర్తిచేశారు. ఆయన 1953 ప్రకాశం మంత్రివర్గంలో ఆర్థికమంత్రి. ఈ సంపుటం బలమూ బలహీనతా ఆ ఒక్క వాస్తవంలోనే ఉన్నాయి. లోపలి మనిషికి తప్ప మరొకరికి తెలియని వివరాలకు అది ఆకరం. ప్రకాశం కేంద్రంగా నడిచే కథనం కనుక మంత్రివర్గ పతనం మనుషుల విశ్వాస భంగంగా చదివించుకుంటుంది.

1954 నవంబరు 6న మద్యనిషేధం అమలు అంశంపై వచ్చిన అవిశ్వాస తీర్మానంలో ఆ మంత్రివర్గం ఒక్క ఓటు తేడాతో కూలిపోయింది. ఆ ఒక్క ఓటు చుట్టూ అల్లుకున్న కథలు తెలుగునాట ఇంకా వినిపిస్తాయి. విమర్శకుడికి కావలసింది ఆ ఓటు ఎవరిదన్నది కాదు. ఆ తీర్మానానికి వెనుక గౌతు లచ్చన్న నాయకత్వంలో కల్లుగీత కార్మికుల ఆందోళన ఉంది. వృత్తికి సంబంధించిన ఆ ఆవేదన సర్కారు జిల్లాలదో సీమదో అయిన ప్రశ్న కాదు. అది పార్టీల ద్వారా సభలోకి వచ్చింది, సభలోనే ప్రభుత్వాన్ని దించింది. ఆ సభ కూర్చున్నదేమో, ఏడాది ముందు కోస్తా నాయకులు చాలామంది గొణుగుతూ ఒప్పుకున్న కర్నూలులో. రాజధాని గాయం పచ్చిగా ఉన్నప్పుడు కూడా ప్రభుత్వం ప్రాంతం మీద కాక విధానం మీద పడిపోవడం గమనించదగ్గది. విశ్వనాథం కథనంలో ఈ సంగతికి దక్కవలసిన చోటు వ్యక్తుల గుణదోషాలకు దక్కింది.

సుందరయ్య 1946 పుస్తిక ‘విశాలాంధ్రలో ప్రజారాజ్యం’ వేరే దిక్కునుంచి అదే లోపాన్ని చూపిస్తుంది. నిజాం పాలనలోనూ ఆంగ్లేయ పాలనలోనూ విడిపోయిన తెలుగువారి ఐక్యతను భూస్వామ్య నిర్మూలనతో ముడిపెట్టడం దాని విశిష్టత. భాషా రాష్ట్ర వాదానికి పాలన స్వభావం అన్న ప్రశ్నను జోడించిన రచన అది. కానీ జమీందారు, నిజాం తొలగిన తరువాత తెలుగు జిల్లాల మధ్యే మిగిలిపోయే అసమానతకు ఆ చట్రంలో తగిన స్థానం లేదు. 1953లో రాజధాని ప్రశ్న వచ్చినప్పుడు కమ్యూనిస్టులు విజయవాడ–గుంటూరు ప్రాంతాన్ని కోరారు. రవాణా సౌకర్యాల దృష్ట్యా ఆ వాదనలో పస ఉంది. అయినా పార్టీ బలమంతా ఉన్న డెల్టానే రాజధానిగా కోరినప్పుడు శ్రీబాగ్ మాటను పట్టుకున్న సీమ పాఠకుడికి అది వర్గ విధానంగా కాక కోస్తా విధానంగానే వినిపించి ఉంటుంది. ప్రాంతాన్ని దాటిన సిద్ధాంతం ఓటు దగ్గర ప్రాంతంలో చిక్కుకోవడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ దొరకదు.

5. శాసనం కాని ఒప్పందం

1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. 1954లో హైకోర్టు గుంటూరుకు వచ్చింది. శ్రీబాగ్‌లో ఈ ఒక్క షరతు నెరవేరింది. పదేళ్ల నీటి ప్రాధాన్యం, జిల్లాల సమాన స్థానాలు శాసన రూపం పొందలేదు. మూడేళ్లకే, 1956 నవంబరు 1న, రాజధాని హైదరాబాదుకు తరలడంతో నెరవేరిన షరతు కూడా అర్థం కోల్పోయింది.

1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో కుదిరిన పెద్దమనుషుల ఒప్పందం కొంత భిన్నమైనది. అందులోని ప్రాంతీయ సంఘం రాజ్యాంగపు 371వ అధికరణం ద్వారా, 1958 రాష్ట్రపతి ఉత్తర్వు ద్వారా చట్టబద్ధమైంది. ఉద్యోగాల నివాస నిబంధనకు 1957లో పార్లమెంటు చట్టం చేసింది. ముఖ్యమంత్రి ఒక ప్రాంతంవారైతే ఉపముఖ్యమంత్రి రెండవ ప్రాంతంవారు కావాలన్న షరతు మాత్రం పెద్దమనుషుల మాటగానే మిగిలింది. నీలం సంజీవరెడ్డి తొలి మంత్రివర్గంలోనే అది అమలు కాలేదు. తెలంగాణ రచయితలు దీనిని నమ్మకద్రోహంగా రాశారు, కోస్తా రచయితలు పెద్దగా పట్టించుకోలేదు. రెండు పక్షాల రచనల్లోనూ ఆ ఒప్పందానికి పూచీ ఎవరు అన్న ప్రశ్న వెనుకబడింది. సంతకాలు చేసినవారు రెండు ప్రాంతాల కాంగ్రెసు నాయకులు. అమలు చేయవలసినదీ కాంగ్రెసే, ఉల్లంఘనపై ఫిర్యాదు వినవలసినదీ కాంగ్రెసు అధిష్ఠానమే. ఫిర్యాదీ, ముద్దాయి, న్యాయమూర్తి ఒకే ఇంటివారైనప్పుడు తీర్పు కుటుంబ సర్దుబాటుగా మారుతుంది. అమెరికాలో 1790 రాజీ అయినా, 1820 మిస్సోరీ రాజీ అయినా ఉభయసభల్లో ఓటుకు వచ్చి చట్టమయ్యాయి. వాటిని తరువాత రద్దు చేసినా బహిరంగంగా రద్దు చేయవలసి వచ్చింది.

చట్టమైతే చాలునా అంటే దానికీ జవాబు తేలిక కాదు. 1957 నివాస చట్టంలోని తెలంగాణ నిబంధనను 1969 మార్చిలో సుప్రీంకోర్టు కొట్టివేసింది. 1972 అక్టోబరు 3న అదే కోర్టు ముల్కీ నిబంధనలు చెల్లుతాయని తీర్పు చెప్పింది. మొదటి తీర్పు తెలంగాణను కదిలిస్తే, రెండవది కోస్తాను కదిలించింది.

6. ప్రతిపక్షం లేని సభ

జై ఆంధ్ర గురించి వెలువడిన రచనలు ముల్కీ తీర్పు దగ్గర మొదలై ఆరు సూత్రాల దగ్గర ఆగుతాయి. 1972 మార్చి ఎన్నికల ఫలితాన్ని వాటి పక్కన పెట్టి చదవడం అవసరం. 287 స్థానాల్లో కాంగ్రెసుకు 219 వచ్చాయి. సి.పి.ఐ.కి 7, సి.పి.ఎం.కి 1. ఇరవై ఏళ్ల ముందు కాంగ్రెసును ఒక్క స్థానం తేడాతో మించిన పక్షం రెండుగా చీలి ఎనిమిది స్థానాలకు చేరింది. అంతకు ముందు ఏడాది లోక్‌సభ ఎన్నికల్లో తెలంగాణలోని 14 స్థానాల్లో 10 గెలిచిన తెలంగాణ ప్రజాసమితి కూడా 1971 సెప్టెంబరులో కాంగ్రెసులో కలిసిపోయింది. బయటి అసమ్మతి మొత్తం లోపలికి వచ్చి చేరింది.

ఇలాంటి సభలో 1954 నాటి అవిశ్వాస తీర్మానం ఊహకు కూడా అందదు. కోస్తా గుమాస్తాకూ రైతుకూ విద్యార్థికీ తమ కోపాన్ని సభలోకి చేర్చే పార్టీ లేదు. వారికి దొరికినవారు కాంగ్రెసులోనే ఉన్న ప్రాంతీయ నాయకులు. ఉపముఖ్యమంత్రి బి.వి. సుబ్బారెడ్డి, మరికొందరు మంత్రులు పి.వి. నరసింహారావు మంత్రివర్గం నుంచి తప్పుకొని తమ ప్రభుత్వానికే ఎదురు నిలిచారు. కృష్ణా జిల్లా కాంగ్రెసు నాయకుడు కాకాని వెంకటరత్నం ఆ ఉద్యమానికి గొంతుకగా నిలిచి 1972 డిసెంబరులోనే మరణించారు. సమైక్య రాష్ట్రాన్ని సమర్థించిన కమ్యూనిస్టు పక్షాలు, ఒకప్పటి తమ కోటలోనే, ఆ వీధుల్లోనే, ఒంటరివయ్యాయి. 1973 జనవరిలో రాష్ట్రపతి పాలన వచ్చింది. సెప్టెంబరు 21న ఆరు సూత్రాలు వెలువడ్డాయి, వాటికి 371-డి అధికరణం రూపమిచ్చింది. ఈసారి ఒప్పందం రాజ్యాంగంలోకే ఎక్కింది. పాత ఒప్పందాల గతి చూసిన వారికి ఆ జాగ్రత్త ఎందుకో తెలుసు.

1955 కూటమి విజయాన్ని కాంగ్రెసు అనుకూల రచనలు స్థిరత్వానికి నాందిగా కీర్తించాయి. కమ్యూనిస్టు రచనలు ధనబలం, దుష్ప్రచారం ఫలితంగా నిందించాయి. పై లెక్కలు చూస్తే ఆ విజయానికి మూడవ పర్యవసానం ఒకటి కనిపిస్తుంది. మూడు ప్రాంతాల్లోనూ కార్యకర్తలున్న ప్రతిపక్షాన్ని సభలో నామమాత్రం చేయడంతో ప్రాంతమే మిగిలిన ఏకైక ప్రతిపక్షమైంది. వాన్ బ్యూరెన్ ఊహించినది రెండు జాతీయ పక్షాల పోటీని. ఒక్క పక్షమే ఉండి, అదే అన్ని ప్రాంతాలనూ మింగినప్పుడు జరిగేది ఆయన లేఖలో లేదు. ఆంధ్ర అనుభవం ఆ లేఖకు ఒక అనుబంధం.

ఈ వాదనకు 1983 తరువాతి కాలం కొంత బలమిస్తుంది. తెలుగుదేశం మూడు ప్రాంతాల్లోనూ గెలిచి కాంగ్రెసుకు ఎదురుగా నిలిచిన తరువాత రెండు దశాబ్దాలకు దగ్గరగా వేర్పాటు ఉద్యమాలు సద్దుమణిగాయి. అయితే సద్దుమణగడం పరిష్కారం కాదు. స్థానికత నిబంధనల ఉల్లంఘనలను సరిదిద్దడానికి 1985 డిసెంబరులో 610వ ఉత్తర్వు జారీ చేయవలసి వచ్చిందంటే ఆ మౌనం కింద ఏమి పేరుకుంటున్నదో తెలుస్తుంది. అమెరికా ప్రతినిధుల సభ వినతులను బల్లకింద పెట్టిన సంవత్సరాలు ఇక్కడ గుర్తుకు వస్తాయి. 2001లో తెలంగాణ రాష్ట్ర సమితి పుట్టింది. 2009 డిసెంబరు ప్రకటన తరువాత కాంగ్రెసు, తెలుగుదేశం రెండూ ప్రాంతాల వారీగా లోపలే చీలిపోయాయి. 1854 నాటి విగ్ పార్టీ స్థితి అదే.

7. తిరిగి వచ్చిన శ్రీబాగ్

2014 విభజన తరువాత రాజధాని ప్రశ్న మళ్లీ విజయవాడ–గుంటూరు నేలకే వచ్చింది. 2015 అక్టోబరులో అమరావతికి శంకుస్థాపన జరిగింది. 2020లో మూడు రాజధానుల చట్టం వచ్చి 2021 నవంబరులో ఉపసంహరణకు గురైంది. ఆ కాలమంతా శ్రీబాగ్ పేరు శాసనసభలోనూ పత్రికల్లోనూ మారుమోగింది. కర్నూలుకు హైకోర్టు కావాలన్నవారు దానిని ఉదహరించారు. అమరావతి పక్షంవారు 1956తోనే దానికి కాలం చెల్లిందన్నారు. ఉభయులూ చదివింది రాజధాని షరతు ఒక్కటే. 1937లో సీమ నాయకులు పదేళ్ల గడువు పెట్టి మరీ రాయించుకున్న నీటి షరతును, జిల్లాల సమాన స్థానాల షరతును ఎత్తిచూపినవారు ఆ చర్చల్లో బహు కొద్దిమంది. విజయవాడ పత్రికల్లో వచ్చిన సంపాదకీయాలైనా ఆ ఒడంబడికను మొదటి నుంచి చివరి దాకా అచ్చువేసి వాదించి ఉంటే, డెల్టా పాఠకుడికి తన ఎగువన ఉన్న పొలం ఏమి అడిగిందో కనబడేది.